చోటు మారమంటే ఏం చెప్పాలి?

ఫిబ్రవరి వచ్చిందంటే శాంటా క్లారా ఆఫీసుల్లో కాఫీ మెషీన్ల దగ్గర మాటల తీరు మారిపోతుంది. సూపర్ బౌల్ హడావుడి ముగుస్తుంది. అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ శిక్షణ శిబిరం మొదలవుతుంది. అక్కడి నుంచి మార్చి ఆఖరుదాకా ఒకటే చర్చ. ఈసారి ఫస్ట్ బేస్‌లో ఎవరు? సెకండ్ బేస్‌లో ఎవరు? ఎవరిని ఎక్కడికి జరపాలి? మనవాళ్లలో చాలామంది కప్పు పట్టుకుని ఓ నవ్వు నవ్వి తమ సీటుకు వెళ్లిపోతారు. క్రికెట్ అయితే గంటల తరబడి మాట్లాడగలం గానీ ఈ బేస్‌బాల్ గోల మనకెందుకులే అనుకుంటారు.

మా ఉద్దేశంలో ఆ గోల మనకు అక్కర్లేనిది కాదు. అది పైకి ఆట గురించిన చర్చే. లోపల మాత్రం ఒక పనివాణ్ని తనకు అలవాటైన చోటు నుంచి కదిలించడం గురించి. ఎవరి కోసం ఎవరు జరగాలి, ఆ మాట ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదాని గురించి. ఉద్యోగం కోసం ఇంత దూరం వచ్చినవాళ్లకు ఇంతకంటే దగ్గరి విషయం ఇంకేముంటుంది?

ముందుగా ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బేస్‌బాల్ మైదానంలో నాలుగు బేస్‌లు ఒక చదరంలా ఉంటాయి. ఒక బేస్‌కూ మరో బేస్‌కూ మధ్య దూరం 90 అడుగులు. బంతి నేలమీద దొర్లితే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరుగెత్తుతాడు. మామూలు ఆటగాడికి అందుకు నాలుగు సెకన్ల పైచిలుకు పడుతుంది. ఆలోగా ఫీల్డరు బంతిని అందుకుని, చేతిలోకి తీసుకుని, ఫస్ట్ బేస్‌లో ఉన్నవాడికి విసరాలి. ఈ పని చేసేవాళ్లే ఇన్‌ఫీల్డ్ నలుగురు. ఫస్ట్ బేస్, సెకండ్ బేస్, థర్డ్ బేస్‌ల దగ్గర ఒక్కొక్కరు, సెకండ్‌కూ థర్డ్‌కూ మధ్య షార్ట్‌స్టాప్. క్రికెట్‌లో పాయింట్ దగ్గర నిలబడ్డవాణ్ని ఓవర్ మధ్యలో మిడ్ వికెట్‌కు పంపితే ఎవరూ ఏమీ అనుకోరు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. ఇక్కడ ఒక్కో చోటూ ఒక్కో వృత్తి లాంటిది. బంతి వచ్చే వేగం వేరు, పాదాలు కదిలే తీరు వేరు, విసిరే దూరం వేరు. కుక్క పని కుక్క, గాడిద పని గాడిద చేయాలన్న సామెత ఈ ఆటకు సరిగ్గా సరిపోతుంది.

ఇక 2026 సీజన్‌కు ముందు జెయింట్స్ అభిమానుల మధ్య నడిచిన చర్చ చూద్దాం. 2025లో జట్టు సరిగ్గా 81 ఆటలు గెలిచి 81 ఓడిపోయింది. మేనేజర్ బాబ్ మెల్విన్‌ను తీసేసి, టెన్నెసీ విశ్వవిద్యాలయం జట్టును నడిపిన టోనీ విటెల్లోను తెచ్చారు. ఇన్‌ఫీల్డ్‌లో ఎడమవైపు గొడవేమీ లేదు. థర్డ్ బేస్‌లో మాట్ చాప్‌మన్ ఐదు గోల్డ్ గ్లోవ్‌లు గెలిచినవాడు. షార్ట్‌స్టాప్ విల్లీ అడామెస్ 2025లో 30 హోమ్ రన్లు కొట్టాడు. 2004లో బారీ బాండ్స్ తర్వాత జెయింట్స్‌లో ఆ సంఖ్య అందుకున్నవాడు అతనే. చిక్కంతా కుడివైపే. సెకండ్ బేస్ కోసం లూయిస్ అరాయెజ్‌ను ఏడాది ఒప్పందం మీద తెచ్చారు. 2022, 2023, 2024లలో వరసగా మూడేళ్లు మూడు వేర్వేరు జట్లకు ఆడి బ్యాటింగ్ టైటిల్ గెలిచిన మొనగాడు. కానీ ఫీల్డింగ్ అంతంతమాత్రం అన్న పేరుంది. 2025లో శాన్‌డియెగో జట్టు అతన్ని ఎక్కువగా ఫస్ట్ బేస్‌లోనే ఆడించింది. అతను రావడంతో, 2025 రెండో సగంలో సెకండ్ బేస్ చూసుకున్న కేసీ ష్మిట్ బెంచీ వైపు జరగాల్సి వచ్చింది. ఫస్ట్ బేస్ దగ్గర రఫాయెల్ డెవెర్స్ ఉన్నాడు, ఆరడుగుల ఏడంగుళాల కుర్రాడు బ్రైస్ ఎల్డ్రిడ్జ్ ఉన్నాడు. ఇద్దరిలో ఒకరు ఫస్ట్ బేస్‌లో ఉంటే, మరొకరు ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే డెజిగ్నేటెడ్ హిట్టర్‌గా ఉండాలి. లేదా కుర్రాడు మైనర్ లీగ్‌లో ఇంకొంతకాలం ఆగాలి.

ఈ పేర్లు ఇంకోసారి చూడండి. డెవెర్స్, అడామెస్‌లది డొమినికన్ రిపబ్లిక్. అరాయెజ్‌ది వెనిజులా. నలుగురి ఇన్‌ఫీల్డ్‌లో ముగ్గురు పొట్ట చేతబట్టుకుని వేరే దేశం నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల జీతాలు వేరు, మన జీతాలు వేరు, నిజమే. వాళ్లకు వచ్చేది కోట్ల డాలర్లు. కానీ పరాయి భాషలో, పరాయి ఊళ్లో, నీ చోటు మార్చుకో అని యజమాని చెప్పినప్పుడు లోపల కలిగే గుబులుకు జీతంతో పనిలేదు.

మేజర్ లీగ్ ఆటగాళ్లలో నాలుగో వంతుకు పైగా అమెరికా బయట పుట్టినవాళ్లే. వాళ్లలో చాలామంది పీ-1 వీసా మీద వస్తారు. 2006 చివర్లో చట్టం మారేదాకా మైనర్ లీగ్ కుర్రాళ్లకు ఆ వీసా కూడా దొరికేది కాదు. హోటళ్లలో, తోటల్లో సీజన్ పనికి వచ్చేవాళ్లతో పాటు హెచ్-2బీ కోటాలో క్యూ కట్టేవాళ్లు. కోటా అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మన ఊరికీ ఈ జట్టుకూ ఉన్న సంబంధం కూడా చెప్పుకోవాలి. జెయింట్స్ ఒకప్పుడు శాంటా క్లారాకే వద్దామనుకున్నారు. ఇక్కడ స్టేడియం కట్టడానికి పన్ను వేసే ప్రతిపాదనను 1990 నవంబరులో ఓటర్లు తోసిపుచ్చారు. 1992 జూన్‌లో శాన్‌హోసే ఓటర్లూ అదే చేశారు. దాంతో జట్టు ఫ్లోరిడాకు పోయేదాకా వచ్చింది. ఆఖరి నిమిషంలో మిగతా యజమానులు ఒప్పుకోక, స్థానికులు కొనుక్కోవడంతో నిలిచింది. ఆ రోజుల్లో జట్టు వెళ్లిపోతుందేమోనని దిగులుగా క్యాండిల్‌స్టిక్ పార్కులో నిలబడ్డ ఒక ఐదేళ్ల పిల్లవాడి ఫొటో పత్రికలో వచ్చింది. మన పక్కనున్న మౌంటెన్ వ్యూలో పుట్టిన ఆ పిల్లవాడే బ్రాండన్ క్రాఫర్డ్. తర్వాత పదేళ్లకు పైగా అదే జట్టుకు షార్ట్‌స్టాప్‌గా ఆడాడు.

క్రాఫర్డ్ పేరు వచ్చింది కాబట్టి 2014 ఇన్‌ఫీల్డ్ గురించి చెప్పాలి. ఆ ఏడాది అక్టోబరు 29న కాన్సాస్ సిటీలో వరల్డ్ సిరీస్ ఏడో ఆట. స్కోరు 2-2. మూడో ఇన్నింగ్స్‌లో ఎరిక్ హాస్మర్ కొట్టిన బంతి మైదానం నడుమ నుంచి దూసుకుపోతోంది. సెకండ్ బేస్‌మన్ జో పానిక్ ఒళ్లంతా నేలకేసి దూకి అందుకున్నాడు. చేతిలోకి తీసుకునే వ్యవధి లేక గ్లోవ్‌తోనే క్రాఫర్డ్ వైపు తోశాడు. క్రాఫర్డ్ దాన్ని ఫస్ట్ బేస్‌లో బ్రాండన్ బెల్ట్‌కు విసిరాడు. అంపైర్ ముందు నాటౌట్ అన్నాడు, రీప్లే చూశాక అవుట్ అన్నారు. రెండు వికెట్లు పడ్డట్టే లెక్క. జెయింట్స్ ఆ ఆట 3-2తో గెలిచి కప్పు ఎత్తారు. ఆఖరి క్యాచ్ పట్టింది థర్డ్ బేస్‌మన్ పాబ్లో సాండోవాల్, అతనూ వెనిజులా వాడే.

ఇందులో విశేషం ఏమిటంటే, నలుగురూ శాన్‌హోసే జెయింట్స్‌లో పని నేర్చుకుని వెళ్లినవాళ్లే. 1942 నాటి ఆ పాత స్టేడియం శాంటా క్లారా నుంచి కారులో కాసేపే. ఇంకో విశేషం కూడా ఉంది. పానిక్‌ను జట్టు తీసుకున్నది షార్ట్‌స్టాప్‌గా. 2012లో శాన్‌హోసేలో అతను ఆడింది ఆ చోటే. పైన క్రాఫర్డ్ పాతుకుపోయి ఉన్నాడు కాబట్టి 2013లో సెకండ్ బేస్‌కు జరిపారు. సాండోవాల్ అయితే మొదట క్యాచర్‌గా వచ్చినవాడు. అంటే కప్పు గెలిచిన ఆ నలుగురిలో ఇద్దరు, చోటు మారినవాళ్లు. కానీ వాళ్లను మార్చిన తీరు గమనించండి. కింది స్థాయిలో, పొరపాట్లు చేసినా ఎవరూ రాళ్లు వేయనిచోట, ఆటల మీద ఆటలు ఆడిస్తూ, నేర్చుకునే వ్యవధి ఇచ్చి మార్చారు.

అలా కాకుండా మారిస్తే ఏమవుతుందో డెవెర్స్ కథ చెబుతుంది. బోస్టన్ రెడ్ సాక్స్‌లో అతను థర్డ్ బేస్‌మన్. 2023 జనవరిలో 31.35 కోట్ల డాలర్లకు పదేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. ఇక ఆ చోటు తనదే అనుకున్నాడు. 2025 ఫిబ్రవరిలో బోస్టన్ అలెక్స్ బ్రెగ్‌మన్‌ను తెచ్చి థర్డ్ బేస్ అప్పగించింది. డెవెర్స్ మొదట కాదన్నాడు, తర్వాత తగ్గి డెజిగ్నేటెడ్ హిట్టర్‌గా ఉండటానికి ఒప్పుకున్నాడు. మేలో ఫస్ట్ బేస్‌మన్ ట్రిస్టన్ కసాస్ మోకాలు దెబ్బతింది. ఇప్పుడు ఫస్ట్ బేస్ నేర్చుకుంటావా అని అడిగారు. ఈసారి డెవెర్స్ ససేమిరా అన్నాడు, ఆ మాట పత్రికల వాళ్ల ముందే అన్నాడు. జట్టు యజమాని జాన్ హెన్రీ స్వయంగా వెళ్లి మాట్లాడాల్సి వచ్చింది. జూన్ 15న అతన్ని జెయింట్స్‌కు ఇచ్చేశారు. చిత్రం ఏమిటంటే, శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చాక అదే మనిషి అదే ఫస్ట్ బేస్ గ్లోవ్ తొడుక్కున్నాడు. ఐదారు వారాలు సాధన చేశాడు. జులైలో ఆ చోట ఆడాడు కూడా.

బోస్టన్‌లో చేదైన పని ఇక్కడ ఎలా తీపయింది? అహంకారం అన్నవాళ్లున్నారు. అన్ని కోట్లు తీసుకుని చెప్పిన చోట నిలబడకపోతే ఎలా అన్నవాళ్లున్నారు. వాళ్ల మాటను మేము పూర్తిగా కొట్టిపారేయం. జట్టు కష్టంలో ఉన్నప్పుడు చేతనైన సాయం చేయడం ఆటగాడి ధర్మం. ఒప్పుకోకపోయినా ఆ ముచ్చట నాలుగు గోడల మధ్య తేల్చుకోవలసింది. కానీ అవతలి వైపూ చూడాలి. మూడు నెలల్లో రెండుసార్లు చోటు మార్చుకోమన్నారు. ఇక గ్లోవ్ పక్కన పెట్టు అని ఒకసారి, మళ్లీ గ్లోవ్ తెచ్చుకో అని మరోసారి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పరిస్థితి వేరు. థర్డ్ బేస్‌లో చాప్‌మన్ ఉన్నాడని, తన అవసరం ఎక్కడుందో వచ్చిన రోజే తెలుసు. నేర్చుకోవడానికి వారాలు ఇచ్చారు. పని మారలేదు, అడిగే పద్ధతి మారింది.

ఈ విషయంలో బే ఏరియాకే చెందిన మంచి ఉదాహరణ ఇంకొకటుంది. 2002లో ఓక్లండ్ అథ్లెటిక్స్ జట్టు స్కాట్ హాటెబర్గ్ అనే క్యాచర్‌ను తీసుకుంది. మోచేతి నరం దెబ్బతిని అతను ఇక క్యాచర్‌గా విసరలేడు. ఫస్ట్ బేస్‌లో ఆడతావా అన్నారు. రాన్ వాషింగ్టన్ అనే కోచ్ పక్కనే ఉండి ఓపికగా నేర్పాడు. ఆ సెప్టెంబరు 4న ఆ జట్టు వరసగా ఇరవయ్యో ఆట గెలిచింది, గెలిపించిన హోమ్ రన్ హాటెబర్గ్‌దే. ఆ కథ 2011లో సినిమాగా కూడా వచ్చింది. ఆ రాన్ వాషింగ్టన్‌నే, డెబ్బై దాటిన వయసులో, 2026 సీజన్ కోసం జెయింట్స్ ఇన్‌ఫీల్డ్ కోచ్‌గా తెచ్చుకున్నారు. అరాయెజ్‌ను తెచ్చినదానికంటే ఈ పని తెలివైనదని మా అభిప్రాయం.

మన క్రికెట్‌లో మాత్రం లేవా ఇలాంటివి? 2003 ప్రపంచకప్‌లో అదనపు బ్యాట్స్‌మన్ కోసం రాహుల్ ద్రవిడ్ వికెట్ కీపింగ్ గ్లోవ్స్ తొడుక్కున్నాడు. ఇష్టమైన పని కాదు, అయినా చేశాడు. జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. అది ఒక వైపు. మరో వైపు మన హైదరాబాదు వీవీఎస్ లక్ష్మణ్ ఉన్నాడు. మిడిలార్డర్ ఆటగాణ్ని పట్టుకుని ఏళ్ల తరబడి ఓపెనింగ్ చేయించారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు, నిజమే. కానీ అది తన చోటు కాదని తెలుసుకుని, అవకాశాలు పోయినా సరే ఇక ఓపెనింగ్ చేయనని నిర్ణయించుకున్నాడు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మూడో నంబరులో వచ్చి 281 కొట్టాడు. ఆ ఇన్నింగ్స్ ఏం చేసిందో తెలుగువాళ్లకు మళ్లీ చెప్పాలా?

ద్రవిడ్ ఔనన్నది సబబే, లక్ష్మణ్ కాదన్నదీ సబబే. కాబట్టి చోటు మారమంటే ఎప్పుడూ తల ఊపాలనో, ఎప్పుడూ మొండికేయాలనో సూత్రం లేదు. ఎందుకు మారమంటున్నారు, ఎంతకాలం, నేర్చుకునే వ్యవధి ఇస్తారా, మారితే నాకు పోయేదేమిటి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికాకే ఔనో కాదో చెప్పాలి.

ఆ నాలుగో ప్రశ్న మనకు, అంటే హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు, చాలా ముఖ్యం. ఆఫీసులో రీ-ఆర్గ్ అంటారు. నిన్నటిదాకా కోడ్ రాసిన మనిషిని టెస్టింగ్‌కో, సపోర్ట్‌కో, ప్రోగ్రామ్ మేనేజ్‌మెంట్‌కో పొమ్మంటారు. మేనేజరుకు అది ఒక పేజీ చార్టులో గడి మార్చడం. మనకు అలా కాదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పని స్వభావం బాగా మారితే యజమాని సవరణ పిటిషన్ వేయాల్సి రావచ్చు. పనిచేసే చోటు మరో మహానగర ప్రాంతానికి మారితే 2015 నాటి సిమియో సొల్యూషన్స్ నిర్ణయం ప్రకారం ఆ సవరణ తప్పనిసరి. గ్రీన్‌కార్డు కోసం పర్మ్ దాఖలు చేసింది ఒక పనికి, చేస్తున్నది ఇంకో పని అయితే మళ్లీ మొదటికి రావచ్చు. ఐ-140 మంజూరై ఉంటే ప్రయారిటీ తేదీ మామూలుగా మనతోనే ఉంటుంది గానీ కాగితాల పని, ఖర్చు, కాలం మళ్లీ మొదలు. ఐ-485 వేసి 180 రోజులు దాటినవాళ్లకు అదే తరహా పనిలోకి మారే వెసులుబాటు ఉంది. కానీ మనలో ఆ గట్టు ఎక్కినవాళ్లెందరు? కాబట్టి చోటు మార్పు మాట వచ్చిన రోజే, ఔననే ముందే, కంపెనీ ఇమిగ్రేషన్ లాయరుకు ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. సొంత లాయరును ఒక గంట అడగడం కూడా వృథా ఖర్చు కాదు. మొహమాటపడకండి. అడగందే అమ్మయినా పెట్టదు.

కాదంటే ఏమవుతుందన్న భయం ఉంటుంది. ఆ భయం ఉత్తది కాదు. ఉద్యోగం పోతే హెచ్-1బీ మీద ఉన్నవాడికి గరిష్ఠంగా 60 రోజులు. అదీ 2017 జనవరి నుంచే నియమంగా ఉంది. ఐ-94 గడువు అంతకుముందే ముగిస్తే ఆ అరవై కూడా ఉండవు. పీ-1 మీదున్న ఆటగాణ్ని ఒక జట్టు ఇంకో జట్టుకు ఇచ్చేస్తే, 30 రోజులపాటు కొత్త జట్టుకు ఆడుకోవచ్చు. ఆలోగా కొత్త జట్టే పిటిషన్ వేస్తుంది. అతను కొత్త యజమానిని వెతుక్కోనక్కర్లేదు. మనమే వెతుక్కోవాలి. చేతిలో ఇల్లు, బళ్లో పిల్లలు, ఊళ్లో అమ్మానాన్నల మందులు పెట్టుకుని డెవెర్స్‌లా ససేమిరా అనడం ఎవరి తరమూ కాదు. అలా అనమని మేము చెప్పడం లేదు. అడగమని మాత్రమే చెబుతున్నాం. కాదనడం వేరు, అడగడం వేరు.

ఆటగాళ్లకు కూడా ఈ హక్కులు ఊరికే రాలేదు. ఒకప్పుడు జట్టు ఎక్కడికి అమ్మితే అక్కడికి పోవడమే. 1969లో తనను ఫిలడెల్ఫియాకు ఇచ్చేస్తే వెళ్లనన్న సెయింట్ లూయిస్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్, 1970 జనవరిలో కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడిపోయాడు. ఆటజీవితం అక్కడితో దాదాపు ముగిసిపోయింది. కానీ ఆ కేసు కదిలించిన డొంక ఆగలేదు. పదేళ్ల సర్వీసు, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉంటే తన ఒప్పుదల లేకుండా పంపకూడదన్న నియమం వచ్చింది. 1975 చివర్లో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో ఒప్పందం ముగిశాక నచ్చిన జట్టుకు పోయే స్వేచ్ఛ వచ్చింది. మనకూ 2000 అక్టోబరులో ఏసీ-21 చట్టం వచ్చేదాకా, కొత్త పిటిషన్ మంజూరయ్యేవరకు కంపెనీ మారే వీలుండేది కాదు. అప్పటినుంచి పిటిషన్ దాఖలైతే చాలు, కొత్త చోట చేరవచ్చు. అడిగినవాళ్లు, సంఘంగా నిలబడ్డవాళ్లు ఉండబట్టే ఇలాంటివి వచ్చాయి. ఎవరికివాళ్లు తల వంచుకుని కూర్చుంటే వచ్చేవి కావు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది కొందరికి రుచించకపోవచ్చు. ఇవాళ శాంటా క్లారాలో, సన్నీవేల్‌లో, శాన్‌హోసేలో గడులు మార్చే మేనేజర్లలో మనవాళ్లూ బోలెడంతమంది. ఒకప్పుడు ఆ భయం పడినవాళ్లే. అలాంటివాళ్లు కింద పనిచేసే కుర్రవాణ్ని శుక్రవారం సాయంత్రం ఫోన్‌చేసి సోమవారం నుంచి నువ్వు ఫలానా టీములో అంటే ఎలా? మన తెలుగువాడే కదా, ఏమీ అనుకోడులే అనుకోవడం మరీ అన్యాయం. కారణం చెప్పండి. వ్యవధి ఇవ్వండి. వీసా సంగతి కనుక్కున్నాకే అడగండి. పక్కన ఒక రాన్ వాషింగ్టన్‌ను పెట్టండి. కాదంటే దాన్ని అవిధేయతగా తీసుకోకండి.

ఇదే మాట వారాంతాల్లో పార్కుల్లో లిటిల్ లీగ్ ఆటలకు పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. మావాణ్ని షార్ట్‌స్టాప్‌లోనే పెట్టాలి, సెకండ్ బేస్ అంటే తక్కువ అని కోచ్‌తో వాదనకు దిగేవాళ్లున్నారు. చదువులో ఫస్ట్ ర్యాంకు లాంటిది షార్ట్‌స్టాప్ అని ఎవరు చెప్పారో తెలియదు. ఆ వయసులో పిల్లాడు నాలుగు చోట్లా ఆడి చూడాలి. పానిక్‌ను చూడండి. షార్ట్‌స్టాప్ వదిలి వచ్చిన సెకండ్ బేస్‌లోనే కదా అతని పేరు నిలిచింది.

చివరగా, ఇంతసేపు చెప్పి లైనప్ మీద మా మాట చెప్పకపోతే బాగుండదు. 2026 సీజన్ ముందు మమ్మల్ని అడిగి ఉంటే ఇలా అనేవాళ్లం. ఎడమవైపు చాప్‌మన్‌నూ అడామెస్‌నూ కదపకండి. ఫస్ట్ బేస్‌ను డెవెర్స్‌కే ఇవ్వండి. ఒకసారి కష్టపడి నేర్చుకున్న చోటు నుంచి అతన్ని మళ్లీ లేపడం సబబు కాదు. ఎల్డ్రిడ్జ్ కుర్రాడు. బ్యాటింగ్‌తో మొదలుపెట్టించి, ఫస్ట్ బేస్‌ను మెల్లగా అలవాటు చేయండి. అరాయెజ్‌ను సెకండ్ బేస్‌లో ఆడించండి. చెప్పి తెచ్చారు కాబట్టి మాట తప్పకూడదు. కానీ ఒక జాగ్రత్త కావాలి. 2023 నుంచి వచ్చిన నియమం ప్రకారం సెకండ్ బేస్‌కు ఇరువైపులా ఇద్దరిద్దరు ఇన్‌ఫీల్డర్లు ఉండి తీరాలి. ముందులా ముగ్గుర్ని ఒకవైపు నిలబెట్టి, నెమ్మదైన ఫీల్డరును కప్పిపుచ్చే వీలు లేదు. పైగా జట్టులో ముఖ్యమైన పిచర్ లోగన్ వెబ్ బంతుల్ని ఎక్కువగా నేలమీదికే కొట్టిస్తాడు. ఆధిక్యంలో ఉన్నప్పుడు ఏడో ఇన్నింగ్స్ తర్వాత ష్మిట్‌ను దింపడం మంచిది. ఆ సంగతి అరాయెజ్‌కు సీజన్ మొదట్లోనే, నలుగురిలో కాకుండా, కూర్చోబెట్టి చెప్పాలి. బెంచీ మీద కూర్చోబోయే ష్మిట్‌కు కూడా. ఎవరి తప్పూ లేకుండా చోటు పోగొట్టుకున్నది అతనే కదా.

మీ లెక్క వేరుగా ఉండొచ్చు. ఉంటే మంచిదే. రేపు కాఫీ మెషీన్ దగ్గర ఆ చర్చ వచ్చినప్పుడు నవ్వి తప్పుకోకుండా మీ మాట చెప్పండి. పక్క క్యూబికల్ అమెరికన్‌తో మాట కలపడానికి వాతావరణం కంటే ఇది మంచి దారి. వీలైతే పిల్లల్ని తీసుకుని ఓ సాయంత్రం శాన్‌హోసే మైదానానికి వెళ్లండి. పెద్ద ఆట చూడాలంటే శాంటా క్లారా స్టేషన్లో కాల్‌ట్రెయిన్ ఎక్కితే శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి స్టేడియానికి నడిచిపోవచ్చు. అక్కడ ఫస్ట్ బేస్‌లో నిలబడ్డవాడు ఎక్కడి నుంచి వచ్చాడో, ఆ చోటుకు ఎలా వచ్చాడో పిల్లలకు చెప్పండి. ఇక మీకే చోటు మారమన్న కబురొస్తే, ఆ నాలుగు ప్రశ్నలు అడగకుండా మాత్రం తల ఊపకండి.